పిలుపులో ఎన్ని అక్షరాలు?

పాములపర్తి వెంకట నరసింహారావు. నోటితో లెక్కపెడితే 14 అక్షరాలు. 1991 నుంచి 1996 వరకు దేశ ప్రధానిగా ఉన్న ఆయన పేరు జనం నోట రెండే అక్షరాలు: పీవీ. నందమూరి తారక రామారావులో 11 అక్షరాలుంటే ఎన్టీఆర్‌లో మూడు. శ్రీరంగం శ్రీనివాసరావులో తొమ్మిది, శ్రీశ్రీలో రెండు. కొందరి పేర్లను జనం కుదించారు, కొందరు తామే కుదించుకున్నారు. ఎలా జరిగినా, చివరికి నాలుకల మీద నిలిచింది రెండు మూడు అక్షరాల పేరే.

పసిబిడ్డకు పేరు వెతికేటప్పుడు అర్థం చూస్తారు, మొదటి అక్షరం చూస్తారు, ఇంకెవరూ పెట్టని పేరు కావాలని చూస్తారు. పొడవు సంగతిని మాత్రం “మరీ పెద్దది వద్దు” అన్న ఒక్క మాటతో సరిపెడతారు. ఇది పొరపాటు. పేరుకు అర్థం ఏమిటని ఎవరైనా అడిగితే ఎప్పుడో ఒకసారి చెబుతాం. పొడవు అలా కాదు, పిలిచిన ప్రతిసారీ నోటికి తగులుతుంది. ఆ పేరు ముక్కలు కాకుండా నిలుస్తుందా, తెగితే ఎక్కడ తెగుతుంది, దూరం నుంచి కేకేస్తే వినబడుతుందా, విభక్తి తగిలినప్పుడు నాలుక తడబడుతుందా అన్నవన్నీ అక్షరాల లెక్క మీద ఆధారపడి ఉంటాయి. అయితే ఆ లెక్కను కాగితం మీద కాకుండా నోటితో వేయాలి.

రాసేవి వేరు, పలికేవి వేరు

అక్షరం అన్న మాటతోనే చిక్కు మొదలవుతుంది. రమేశ్ అని రాస్తే కంటికి మూడు అక్షరాలు కనిపిస్తాయి. పలికితే ర, మేశ్ అని రెండే వినిపిస్తాయి. చివరి శకారానికి అచ్చు లేదు, అది పొల్లు. అందుకే ముందున్న ‘మే’కు అంటుకుపోతుంది. పద్యాలు గణవిభజన చేసినవారికి ఇది తెలిసిన సంగతే. ఛందస్సులో పొల్లును విడి అక్షరంగా లెక్కించరు, దాని ముందరి అక్షరాన్ని గురువు, అంటే బరువైన అక్షరం, చేస్తారు. అంటే లెక్క అచ్చులది. పేరులో ఎన్ని అచ్చులు పలుకుతాయో అన్ని అక్షరాలు. ఇంకా తేలిక దారి కావాలంటే గడ్డం కింద అరచేయి ఆనించి పేరును నెమ్మదిగా పలికి చూడాలి. దవడ ఎన్నిసార్లు కిందికి దిగితే అన్ని అక్షరాలు.

రోమన్ లిపిలో అక్షరాలు లెక్కపెట్టడానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. లక్ష్మి రాయడానికి ఆ లిపిలో ఏడు అక్షరాలు కావాలి, ఉమకు మూడు చాలు. నోటికి మాత్రం రెండూ రెండక్షరాల పేర్లే. సంఖ్య కలిసిరావాలని స్పెల్లింగులో ఒక ‘ఎ’నో ‘హెచ్’నో అదనంగా చేరిస్తే పిలుపు పొడవు వెంట్రుకవాసి కూడా మారదు. ఆ బిడ్డ పెద్దయ్యాక ప్రతి కౌంటరు దగ్గరా, ప్రతి ఫోనులోనూ స్పెల్లింగు విడమరచి చెప్పుకోవలసిన పని మాత్రం మిగులుతుంది.

పలికే నోటిని బట్టి కూడా లెక్క మారుతుంది. తెలుగు అజంత భాష. మాట హల్లుతో ఆగిపోతే మన నాలుకకు వెలితిగా ఉంటుంది. అందుకే రమేశ్ ‘రమేషు’ అవుతాడు, కిరణ్ ‘కిరణు’ అవుతాడు. రెండక్షరాల పేరు మూడక్షరాలై కూర్చుంటుంది. హిందీ నోరు దీనికి ఎదురు దిక్కున నడుస్తుంది. మాట చివర ఉన్న హ్రస్వ అకారాన్ని, చాలాసార్లు మధ్యలో ఉన్నదాన్ని కూడా మింగేస్తుంది. అశోక మూడక్షరాలు, అశోక్ రెండు. తెలుగులో కమల మూడక్షరాల పేరు, హిందీలో అది ‘కమ్లా’గా మారి రెండక్షరాలే మిగులుతుంది. సరళ అక్కడ ‘సర్లా’. బిడ్డ పెరిగి పలు భాషల మధ్య బతికే రోజులివి. ఆ పేరు ఇతరుల నోట ఎన్ని అక్షరాలుగా మిగులుతుందో పేరు ఖాయం చేసే ముందే అనుకుని చూడటం మంచిది.

లెక్క ఒకటే, బరువు వేరు

అనసూయ నాలుగు అక్షరాలు. ధృష్టద్యుమ్న కూడా నాలుగే. రెండింటినీ వెంటవెంటనే పలికితే సంఖ్య ఒక్కటే చాలదని వెంటనే తెలుస్తుంది. అనసూయలో ఒక్క ‘సూ’ మాత్రమే గురువు, మిగతా మూడూ లఘువులు. మొత్తం ఐదు మాత్రల కాలం. ధృష్టద్యుమ్నలో చివరి అక్షరం తప్ప అన్నీ గురువులే, ఏడు మాత్రలు. పైగా ప్రతి మలుపులోనూ నాలుక ఒక సంయుక్తాక్షరాన్ని దాటాలి. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు అన్న పాత కొలత పేర్ల విషయంలో అక్షరాల సంఖ్య కంటే నమ్మకంగా పనిచేస్తుంది.

రాము, కమల అన్న పేర్లనే తీసుకుందాం. మొదటిది రెండక్షరాలు, రెండవది మూడు. పలకడానికి పట్టే కాలం మాత్రం సమానం, చెరి మూడు మాత్రలు. ఆటవెలది, తేటగీతి పద్యాల్లో వాడే సూర్యగణాలు రెండే: మూడు లఘువుల నగణం ఒకటి, గురువు తర్వాత లఘువు వచ్చే హగణం ఇంకొకటి. కమల మొదటి రకం, రాము రెండవ రకం. పద్యం వీటిని ఒకదాని బదులు ఇంకొకటి వాడుకోనిస్తుంది. మూడక్షరాలంటే పెద్ద పేరు, రెండక్షరాలంటే చిన్న పేరు అనుకునేవారు ఒక్కసారి ఈ రెండింటినీ పక్కపక్కన పలికి చూడాలి.

ఇంకొంచెం లోపలికి వెళితే మూడక్షరాల తెలుగు పేర్లలో ఒక చక్కని అమరిక బయటపడుతుంది. సంస్కృతంలో సీతా, గాయత్రీ అని దీర్ఘంతో ముగిసే పేర్లు తెలుగులో సీత, గాయత్రి అని కురుచనవుతాయి. అచ్చుతో ముగిసే మన పేర్లకు మామూలుగా చివరిది లఘువే. మూడక్షరాల గణాలను గుర్తుంచుకోవడానికి వాడే ‘యమాతారాజభానస’లోని ఎనిమిది గణాల్లో లఘువుతో ముగిసేవి నాలుగు: త, జ, భ, న. మూడక్షరాల పేర్లు దాదాపుగా ఈ నాలుగు మూసల్లోనే పోతపోసి ఉంటాయి. శారద, భారతి, మాధవి, మల్లిక భగణం. కమల, లలిత, కవిత, సరిత నగణం. సుజాత, సునీత, యశోద జగణం. గాయత్రి, సావిత్రి, కళ్యాణి తగణం.

ఇప్పుడు ఆ పేర్లతో ఎవరినైనా పిలవండి. శారదా! కమలా! సుజాతా! గాయత్రీ! పిలుపులో చివరి అచ్చు సాగుతుంది, లఘువు గురువవుతుంది. భగణం రగణమవుతుంది, నగణం సగణమవుతుంది, జగణం యగణమవుతుంది, తగణం మగణమవుతుంది. చెప్పేటప్పుడు ఒక గణం, పిలిచేటప్పుడు ఇంకో గణం. తెలుగు పేరుకు ఇలా రెండు ఆకారాలున్నాయి. బిడ్డ రోజంతా వినేది రెండవదాన్నే. కాబట్టి ఎంపిక చేసిన పేరు జాబితాలో ఎలా కనిపిస్తోందని చూసుకోవడం సగం పనే. శారదా అన్న పిలుపులో మధ్య అక్షరం కిందికి దిగి, చివరిది పైకి లేస్తుంది, ఊయల లాంటి ఊపు ఉంటుంది. గాయత్రీ అన్నప్పుడు మూడు అడుగులూ సమానమైన బరువుతో పడతాయి. అక్షరాలు రెండింటిలోనూ మూడే.

పలకడానికి తేలికైన పేర్లున్నవారిపై మొదటి అభిప్రాయం కాస్త మెరుగ్గా ఏర్పడుతుందని 2012లో వెలువడిన ఒక మనస్తత్వ పరిశోధన చూపింది. ఆ ప్రభావం పేరు పొడవుతో సంబంధం లేకుండా కనిపించిందన్నది అందులో గమనించదగ్గ విషయం. అరవింద నాలుగక్షరాలైనా జారిపోతుంది. రెండక్షరాల స్తుత్యకు నాలుక రెండుసార్లు ఆగి ఊపిరి కూడదీసుకోవాలి. పేరు చిన్నదైతే చాలు సులువుగా ఉంటుందన్న నమ్మకం ఇక్కడ వీగిపోతుంది.

ముద్దుపేరు ఎక్కడ తెగుతుంది

నాలుగు, అంతకు మించి అక్షరాలున్న పేరు ఇంట్లో నిండుగా నిలవడం అరుదు. సత్యనారాయణ సత్తి అవుతాడు. సూర్యనారాయణ సూరి. సుబ్రహ్మణ్యం సుబ్బు. విజయలక్ష్మి విజ్జి. రాజ్యలక్ష్మి రాజి. పద్మావతి పద్దు. వీటిని ఎవరూ నియమం పెట్టుకుని తయారు చేయలేదు. అయినా వీటన్నిటికీ కొలత ఒకటే: రెండక్షరాలు, మొదటిది గురువు, రెండవది లఘువు. అసలు పేరులో గురువు దొరక్కపోతే హల్లును ద్విత్వం చేసి మరీ గురువును తెస్తారు. విజయలో ‘వి’ లఘువు, విజ్జిలో గురువు. ఏ పేరుతోనూ ముడిపడని బుజ్జి, చిన్ని, చిట్టి, పండు, నాని కూడా ఇదే మూసలో ఉన్నాయి. మణి, రవి లాంటి లఘువుల జంటలు లేకపోలేదు కానీ వాటి సంఖ్య తక్కువ.

ఈ మూస ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవడానికి దూరం వెళ్లనక్కరలేదు. అమ్మ, నాన్న, అక్క, అన్న, తాత, మామ, అత్త, బావ, పిన్ని. అన్నీ రెండక్షరాలు, అన్నీ గురువు తర్వాత లఘువు. బిడ్డకు మొదట అందే మాటల కొలత ఇదే. ముద్దుపేరు పెట్టినప్పుడు ఇల్లు తెలియకుండానే ఆ బిడ్డ పేరును ‘అమ్మ’ అన్న మాట కొలతకు తెస్తుంది. ముద్దుపేర్లలో ఆత్మీయత ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నకు సగం జవాబు ఈ కొలతలోనే ఉంది.

ఇది ఒక్క తెలుగు సంగతి కాదు. జపనీయులు పేరును కుదించి ‘చాన్’ చేర్చేటప్పుడు సాధారణంగా రెండు మాత్రల ముక్కనే ఉంచుకుంటారు, హనకో ‘హన చాన్’ అవుతుంది. ఇంగ్లీషులో ఎలిజబెత్ నుంచి లిజ్, బెత్ వస్తాయి. ఒక్క బరువైన అక్షరం, కావాలంటే చివర ఒక ఇకారం. కొలత భాషను బట్టి మారుతుంది కానీ పొడుగు పేరును లయలో ఒక అడుగుకు సరిపోయే ముక్కగా కోసుకోవడం అన్నిచోట్లా కనబడుతుంది. బెంగాలీలు ఈ పనిని యాదృచ్ఛికానికి వదలకుండా బిడ్డకు మొదటే రెండు పేర్లు పెట్టుకుంటారు. లోకానికి ‘భాలో నామ్’, ఇంటికి పొట్టిగా ‘డాక్ నామ్’. ఆలోచించి చేసిన పనికి ఇది మంచి ఉదాహరణ.

పెద్ద పేరు పెట్టడంలో తప్పు లేదు. అది తెగే చోటును ముందే చూసుకోకపోవడం మాత్రం తప్పు. అభిరామలక్ష్మి అని పెడితే ఇంట్లో అభి మిగులుతుందా, రామ మిగులుతుందా, లక్ష్మి మిగులుతుందా? ఈ మూడింట్లో ఏది మిగిలినా ఇష్టమేనా? తల్లిదండ్రులకు నచ్చినది మొత్తం పేరైతే, బిడ్డ జీవితమంతా మోసేది ముక్క కావచ్చు. ముక్క కూడా నచ్చితేనే మొత్తాన్ని పెట్టాలి.

పొట్టి పేరుకూ ఖర్చుంది

రమ అన్న పేరులో ఒక్క అక్షరం మారిస్తే ఉమ వస్తుంది. ఇంకోలా మారిస్తే రవ, రస. కొంచెం పక్కకు జరిగితే సుమ, హేమ, క్షమ, రమ్య. పొట్టి మాటల చుట్టూ ఇలాంటి పోలిక మాటలు గుంపుగా ఉంటాయి. అరుంధతిలో ఒక అక్షరం మార్చి చూడండి, ఇంకో పేరు రాదు. అందువల్ల ఫోనులో మాట సగం తెగిపోయినా, హోరుగాలిలో విన్నా అరుంధతి అరుంధతిగానే చేరుతుంది, రమ ఉమగా చేరవచ్చు. పేరులోని అదనపు అక్షరాలు అలంకారం కాదు. వినేవాడు పొరపడకుండా కాసే కాపలా.

దూరం నుంచి పిలిచినప్పుడు ఇది ఇంకా స్పష్టమవుతుంది. దూరం పెరిగేకొద్దీ హల్లులు ముందు చెదిరిపోతాయి. మిగిలేవి అచ్చులు, వాటి సంఖ్య, వాటి రాగం. ఇంగ్లీషు, జర్మన్ లాంటి భాషల్లో కేక వేయడానికి ఒక చిన్న రాగమే ఉంది, పై స్వరం నుంచి కింది స్వరానికి ఒక మెట్టు దిగుతుంది. పేరులో అక్షరం ఒకటే ఉంటే దాన్నే సాగదీసి రెండు స్వరాలకు సరిపెడతారు. తెలుగులో దేవ్, యశ్ వంటి ఏకాక్షర పేర్లకూ ఇదే గతి. దేవ్‌ను ఎవరూ దూరం నుంచి ‘దేవ్’ అని పిలవలేరు, ‘దేవా’ అనే పిలుస్తారు. అచ్చు చేరి రెండో అక్షరం పుడుతుంది. ఒక్క అక్షరంతో పిలుపు నిలబడదు.

ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లలకు రమ్య, సౌమ్య అని పెడితే వినసొంపుగానే ఉంటుంది. రెండో అక్షరం ‘మ్య’ దగ్గర ప్రాస కూడా కుదిరింది. కానీ వంటింట్లోంచి ‘మ్యా’ అన్న చివరి సాగుడు ఒక్కటే వినబడి ఇద్దరూ పరిగెత్తుకొస్తారు, లేదా ఇద్దరూ రారు. అక్షరాల సంఖ్య, చివరి అక్షరం, గురులఘువుల వరుస మూడూ ఒకటైనప్పుడు పేర్లు పద్యానికి పనికొస్తాయి, పిలుపుకు పనికిరావు. రమ్య, ఆదిత్య అనుకుంటే చివర ఒకేలా ఉన్నా సంఖ్య తేడా ఇద్దరినీ విడదీస్తుంది.

పేరు ఎంత పొట్టిదైతే వేరువేరు పేర్ల సంఖ్య అంత తగ్గుతుందన్నది లెక్కల సంగతి. చైనా దీన్ని చరిత్రలో రెండుసార్లు చూసింది. అక్కడ ఒక్కో లిపిచిహ్నం ఒక్కో అక్షరంగా పలుకుతుంది. ఇంటిపేరు పోగా సొంత పేరుకు ఒకటో రెండో చిహ్నాలుంటాయి. సామాన్య శకం 9 నుంచి 23 వరకు పాలించిన వాంగ్ మాంగ్ రెండు చిహ్నాల పేర్లను వద్దన్నాడు. ఆయన పోయినా ఆ అలవాటు చాలాకాలం పోలేదు. మూడు రాజ్యాల కాలపు నాయకులు లియు బెయ్, సున్ చువాన్‌ల పేర్లు ఏకాక్షరాలే. మళ్లీ 1980లలో ఏకాక్షర పేర్ల మోజు పెరిగింది. ఫలితంగా ఒకే పేరున్నవారు విపరీతంగా పెరిగి, రెండక్షరాల పేర్ల వైపు మళ్లక తప్పలేదు. దక్షిణ కొరియాకు దీనికి విరుద్ధమైన బెంగ పట్టుకుంది. అక్కడ సొంత పేర్లు ఎక్కువగా రెండక్షరాలే. మరీ పొడుగు పేర్లు నమోదుకు రావడంతో 1993లో ఐదక్షరాల పరిమితి పెట్టారు.

విభక్తి తగిలినప్పుడు

తెలుగు పేరు వాక్యంలో ఒంటరిగా నిలబడటం తక్కువ. కు, కి, ను, తో ఏదో ఒకటి వచ్చి తగులుతుంది. పెద్దవారైతే ‘గారు’ కూడా. సుబ్రహ్మణ్యం నాలుగక్షరాలు, సుబ్రహ్మణ్యానికి ఆరు, సుబ్రహ్మణ్యంగారితో ఏడు. పేరు ఎంచుకునేటప్పుడు దాన్ని విడిగా పలికి మురిసిపోతారు కానీ, ఆ బిడ్డ వినబోయేది వాక్యంలో ఇమిడిన పేరు. రమ, ఉమ, వాణి వంటి పేర్లు ఎన్ని తోకలు తగిలించినా మోయగలవు.

ఇక్కడ సంఖ్యతో పాటు చివరి అక్షరాన్నీ చూడాలి. ‘క’తో ముగిసే పేర్లు ఈమధ్య చాలా వస్తున్నాయి. రాధికకు, వేదికకు, అన్వికకు. రెండు కకారాలు పక్కపక్కన పడ్డాయి. తొందర మాటల్లో ఒకదాని అచ్చు ఎగిరిపోయి ‘రాధిక్కి’ అవుతుంది. ఒక అక్షరం మాయమైంది. అర్చనను, భావనను అన్నప్పుడు నకారాలకు ఇదే ఇబ్బంది. సుజాతతో, స్మితతో అన్నప్పుడు తకారాలకు. పేరు మానేయాల్సినంత దోషం కాదు ఇది. ఎవరూ ముందుగా చెప్పరు కాబట్టి చెప్పవలసి వచ్చింది.

రెండు పేర్లు కలిపి పలికినప్పుడు ఇంకో తమాషా జరుగుతుంది. మొదటి పేరు అచ్చుతో ముగిసి, రెండవది అచ్చుతో మొదలైతే సంధి ఒక అక్షరాన్ని తినేస్తుంది. వెంకట మూడు, ఈశ్వర మూడు, వెంకటేశ్వర ఐదు. విడివిడిగా ఎంచుకున్న రెండు పేర్లు కలిసినప్పుడు మొత్తం కూడిక తప్పుతుంది. రెంటినీ ఆగకుండా ఒకే ఊపిరిలో పలికితే ఈ సంగతి అక్కడికక్కడే బయటపడుతుంది.

పాతవారి లెక్కలు

పేరుకు ఇన్ని అక్షరాలుండాలని రాసిపెట్టిన పాఠాలు మనకు చాలా పాతకాలం నుంచే ఉన్నాయి. ఇంటి సంస్కారాలను వివరించే ఆశ్వలాయన గృహ్యసూత్రం మగబిడ్డకు రెండు లేదా నాలుగు అక్షరాల పేరు చెబుతుంది. ప్రతిష్ఠ కోరితే రెండు, బ్రహ్మవర్చస్సు కోరితే నాలుగు. మగవారికి సరి సంఖ్య, ఆడవారికి బేసి సంఖ్య. పారస్కర గృహ్యసూత్రమూ ఆడపిల్లకు బేసి అక్షరాలతో, ఆకారంతో ముగిసే పేరునే అడుగుతుంది. పురాణాల పేర్లను ఈ కొలబద్దతో చూస్తే కొన్ని నిలుస్తాయి, కొన్ని నిలవవు. రామ, భీమ, దశరథ, యుధిష్ఠిర, సహదేవ సరి. అర్జున, నకుల, లక్ష్మణ, భరత బేసి. కౌసల్యా, సుమిత్రా బేసి కాగా సీతా సరి.

ఆ నియమాన్ని తెలుగు పేర్లకు యథాతథంగా వర్తింపజేసేవారు ఒక మాట మరచిపోతారు. అది సంస్కృత ప్రాతిపదికలకు, అంటే విభక్తి చేరని మూలరూపాలకు, చేసిన లెక్క. తెలుగులో డుమువులు చేరగానే రామ రాముడవుతాడు, రెండు మూడవుతుంది. అర్జున అర్జునుడై మూడు నాలుగవుతుంది. సరి బేసి అవుతుంది, బేసి సరి అవుతుంది. నోటిలో పలికే లెక్క ఏదో తేల్చుకోకుండా సరి బేసిల గురించి మథనపడటం వృథా.

ఆడపేర్లు, మగపేర్ల పొడవులో తేడా ఉండటం ఇంగ్లీషులోనూ కనబడింది. భాషా మనస్తత్వవేత్త ఆన్ కట్లర్, ఆమె సహచరులు 1990లో ప్రచురించిన విశ్లేషణలో ఆడపేర్లలో సగటున అక్షరాలు ఎక్కువని, మగపేర్లలో ఏకాక్షరాలు ఎక్కువని, మగపేర్లు మొదటి అక్షరం మీదే ఊనికతో మొదలయ్యే ధోరణి బలంగా ఉందని తేలింది. సూత్రకారులు చెప్పింది విధి, ఇంగ్లీషులో కనిపించింది వాడుక. రెండింటినీ కలిపి ఏదో విశ్వనియమం ఉందనుకోనక్కరలేదు. పేరు వినగానే ఆడా మగా అని ఊహించడానికి జనం అర్థంతో పాటు పొడవునూ వాడుకుంటారన్నంతవరకు చెప్పుకోవచ్చు.

వీటన్నిటికంటే నేటికీ పనికొచ్చే పాత లెక్క పాణినిది. రెండు పేర్లు కలిపి ద్వంద్వ సమాసం చేసేటప్పుడు తక్కువ అచ్చులున్నది ముందు రావాలని అష్టాధ్యాయిలోని ‘అల్పాచ్తరమ్’ అనే సూత్రం. రామలక్ష్మణులు, శివకేశవులు, కృష్ణార్జునులు, నకులసహదేవులు. అన్నింట్లోనూ చిన్నది ముందు, పెద్దది వెనుక. జర్మన్ భాషావేత్త ఒట్టో బెహాగెల్ 1909లో ఇదే ధోరణిని తన భాషలో గమనించి, పెరిగే అంగాల నియమంగా సూత్రీకరించాడు. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో వారి పేర్లు జంటగా రోజుకు ఎన్నిసార్లు పలుకుతారో లెక్కలేదు. పెద్దబిడ్డది రెండక్షరాల పేరైతే రెండవ బిడ్డకు మూడు ఇట్టే అమరుతుంది. పెద్దబిడ్డది నాలుగు, చిన్నబిడ్డది రెండు అయితే జంట పిలుపులో వరుస తారుమారై చిన్నబిడ్డ పేరే తరచు ముందుకొస్తుంది.

బిడ్డ చెవి, బిడ్డ నోరు

ఈ లెక్కలన్నీ పెద్దల నోళ్లకు సంబంధించినవి. బిడ్డ కూడా తన వంతు లెక్క చాలా ముందుగానే మొదలుపెడుతుంది. నాలుగున్నర నెలల పసిపిల్లలు తమ పేరును ఇతర పేర్ల కంటే ఎక్కువసేపు వింటారని 1995లో వెలువడిన ఒక ప్రయోగం చూపింది. పోలికకు వాడిన పేర్లలో అదే ఊనిక వరుస ఉన్నవి కూడా ఉన్నాయి. అయినా పిల్లలు తమదాన్ని గుర్తించారు. మాటలు ఇంకా రాని, అర్థం తెలియని వయసు అది. 2005లో వచ్చిన మరో పరిశోధన ప్రకారం ఆరు నెలల పిల్లలు ధారగా సాగే మాటల్లోంచి తమ పేరు వెంట వచ్చిన కొత్త మాటను విడదీసి పట్టుకోగలిగారు. ఎడతెగని ధ్వని ప్రవాహంలో బిడ్డకు దొరికే మొదటి మెట్టు తన పేరే. అది ఒక పూట ఒకలా, ఇంకో పూట ఇంకోలా కాకుండా స్థిరంగా వినబడితే ఆ మెట్టు గట్టిగా ఉంటుంది.

ఏడాదిన్నర, రెండేళ్ల వయసులో బిడ్డ తన పేరును తానే పలుకుతుంది. మూడు, నాలుగు అక్షరాల పేరైతే పూర్తిగా రాదు. బరువున్న అక్షరాన్ని పట్టుకుని, బలహీనమైనదాన్ని వదిలేసి, సంయుక్తాక్షరాన్ని కరిగించి రెండక్షరాలు చేస్తుంది. యశోద ‘తోద’ కావచ్చు, అరవింద ‘విందా’ కావచ్చు. తల్లిదండ్రులు కూర్చుని ఆలోచించిన ముద్దుపేరును పక్కకు నెట్టి ఆ ముక్కే ఇంటిల్లిపాదికీ అలవాటైపోవడం తరచు జరుగుతుంది. తాతయ్య అదే పిలుస్తాడు, అక్క అదే పిలుస్తుంది, ముప్పై ఏళ్ల తర్వాత కూడా ఫోనులో అమ్మ నోట అదే వస్తుంది.